మూతకు నాలుగు హద్దులు

లోకంలో వస్తువులు రెండే రకాలు: కిరాయికి పోయి తిరిగి వచ్చేవి, కిరాయికి పోయి తిరిగి రానివి. సృష్టి మొత్తం ఈ రెండు పద్దుల్లో ఇమిడిపోతుందని, సిద్దిపేట మెదక్ రోడ్డులో టెంట్ హౌస్ నడిపే లింగమూర్తి నమ్మకం. వంట గంజులు, గరిటెలు, కుర్చీలు, షామియానాలు మొదటి పద్దు. చెంచాలు, గ్లాసులు, జవానీ, చుట్టానికి ఇచ్చిన నిచ్చెన రెండో పద్దు. కిరాయి లేకుండా పోయి, పోయినప్పటికంటే బాగుపడి తిరిగి వచ్చే మూడో రకం కూడా ఒకటి ఉందని కూతురు రుచిత చెప్పినప్పుడు, ఆయన చాలాసేపు ఆలోచించి, అలాంటిది నిజంగా ఉంటే దాంట్లో ఏదో మోసం ఉండి తీరుతుందని తేల్చాడు.

ఆ మూడో రకాన్ని ఓపెన్ సోర్స్ అంటారు.

రుచిత ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, సెలవులకు వచ్చినప్పుడు గోదాములో బియ్యం సంచి మీద కూర్చుని 'వాపసు' అనే యాప్ రాసింది. ఏ పెళ్లికి ఏ సామాను పోయింది, అందులో ఏది తిరిగి వచ్చింది అని ఫోనులో లెక్క చూపించడం దాని పని. రాసిన కోడ్‌ను తాళం వేయకుండా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఎవరైనా తీసుకోవచ్చు, వాడుకోవచ్చు. తప్పు కనబడితే దిద్ది పంపవచ్చు. దిద్దింది బాగుంటే అసలులో కలుపుకుంటారు. హుస్నాబాద్, తొగుట, కొమురవెల్లి దాకా టెంట్ హౌసులవాళ్లు దాన్ని వాడుకుంటున్నారు. లింగమూర్తికి లోపల గర్వంగానే ఉండేది. కానీ తలుపుకు తాళం లేని గోదాము ఒకటి తన ఇంటిపేరు మీద లోకంలో ఎక్కడో ఉందన్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా అన్నం సహించేది కాదు.

రుచితకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, సంబంధం కుదిరింది, మూఢం వెళ్లిన తర్వాత వచ్చే మొదటి ముహూర్తానికి పెళ్లి ఖాయమైంది. తీరిక లేక ఆమె వాపసు పెత్తనం తండ్రి చేతిలో పెట్టింది. రెండే పనులున్నాయని చెప్పింది. ఒకటి, యాప్ ఎట్లా వాడాలో ఒక పేజీ రాసిపెట్టడం. రెండు, ఎవరైనా దిద్దుబాటు పంపితే, ఇది నేను రాసిందే, అందరూ వాడుకోండి అని వాళ్ల చేత ఒక్క మాట అనిపించుకోవడం. ఆ మాట అనని వాళ్ల దిద్దుబాటు లోపలికి రాకుండా వాకిట్లో ఒక కాపలా ప్రోగ్రాం కూడా పెట్టింది.

ఒక పేజీ, ఒక మాట. బుద్ధిమంతుడు ఈ రెండింటినీ చాయ్ చల్లారేలోపు ముగిస్తాడు. కానీ అది మూఢం.

మూఢంలో పెళ్లిళ్లుండవు. పెళ్లిళ్లు లేని టెంట్ హౌస్ యజమాని, నీళ్లు లేని చెరువులో తూము లాంటివాడు. పని ఉండదు, పదవి మాత్రం ఉంటుంది. ఈ ప్రాంతంలో కమిటీలన్నీ మూఢాల్లో పుట్టినవే (ముహూర్తాలు రాగానే పోయినవే). ఆ సంప్రదాయం ప్రకారం లింగమూర్తి 'వాపసు పత్రాల మరియు చేర్పుల అనుమతుల ప్రాధికార సంస్థ'ను స్థాపించి, దానికి అధ్యక్షుడిగా తనను ఏకగ్రీవంగా ఎన్నుకున్నాడు. సభ్యుడు కూడా ఆయనే కాబట్టి కోరం ఎప్పుడూ నిండుగా ఉండేది (గోదాముకు పోయినప్పుడు తప్ప).

సంస్థ పుట్టిన వారంలోనే మొదటి దిద్దుబాటు వచ్చింది. పంపింది హుస్నాబాద్‌లో వంట సామాన్లు కిరాయికిచ్చే ఎస్తేర్. పెళ్లికి ముందు కంప్యూటర్ కోచింగ్ సెంటరులో పాఠాలు చెప్పిన మనిషి. చర్చి పెళ్లిళ్లకు మూఢం లేదు గనక, జిల్లా టెంట్ హౌసులన్నీ కునికే రోజుల్లో కూడా ఆమె గంజులు పొయ్యిల మీదనే ఉంటాయి. అందువల్ల ఎవరికీ కనబడని లోపం ఆమెకు కనబడింది. వాపసు గంజునూ మూతనూ ఒకటే వస్తువుగా లెక్కపెడుతోంది. గంజు వస్తే మూత కూడా వచ్చినట్టే రాసుకుంటోంది. గంజులు బుద్ధిగా ఇంటికి వస్తున్నాయి, మూతలు మాత్రం ఎవరింట్లోనో పల్లీలు ఎండబోసుకోవడానికి ఉండిపోతున్నాయి. ఎస్తేర్ దాన్ని దిద్ది, కింద ఒక మాట రాసి పంపింది: "అన్నా, గంజు వేరే, మూత వేరే లెక్కవడేటట్టు చేసిన. నేను రాసిందే, అందరు వాడుకోండ్రి. చూసి కలుపు."

అడగాల్సిన మాట ఆమె అడగకముందే అనేసింది. కలపడం ఒక్కటే మిగిలింది. లింగమూర్తికి అక్కడే అనుమానం వచ్చింది.

ఆయన తన వ్యాపార జ్ఞానమంతా కూడదీసుకుని లెక్క వేశాడు. ఉట్టిగా ఎవరూ ఏమీ ఇవ్వరు. ఇచ్చారంటే రేపు అడుగుతారు. వాళ్లు అడగకపోతే వాళ్ల కొడుకులు అడుగుతారు. భూముల ధరలు పెరిగిన తర్వాత, తాత నోటిమాటగా ఇచ్చిన జాగ మీద మనవలు వచ్చి హద్దు కడీలు పాతిన సంఘటనలు సిద్దిపేట చుట్టుపక్కల ఏ వాడకట్టులో అడిగినా చెబుతారు. మూత ఈ రోజు మూతే. రేపు ఎస్తేర్ మనవడు వచ్చి, వాపసులో మా నాయినమ్మ భాగం ఏదని నిలబడితే? లింగమూర్తి చెప్పులు వేసుకుని, రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో కూర్చునే కర్ణాకర్ దగ్గరికి బయల్దేరాడు.

కర్ణాకర్ దస్తావేజులు రాస్తాడు. ఆయన రాసిన దస్తావేజు మీద ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపలేదు (చూపాలంటే ముందు చదవాలి). లింగమూర్తి ఓపెన్ సోర్స్ గురించి చెప్పినదంతా కళ్లు మూసుకుని విని, ఒక్కటే అడిగాడు.

"తరినా, ఖుష్కినా?"

కంప్యూటర్లో ఉంటుందని లింగమూర్తి చెప్పాడు. నీళ్లు తగలని చోటు కాబట్టి కర్ణాకర్ ఖుష్కి అని రాసుకున్నాడు.

సాయంత్రానికి 'చేర్పు దస్తావేజు' సిద్ధమైంది. దిద్దుబాటు పంపేవారు సదరు కోడ్ తమ స్వార్జితమని, మత్తులో గాని బలవంతం మీద గాని రాయలేదని, తాము, తమ వారసులు, వారి వారసులు, సూర్యచంద్రులున్నంత వరకు దాని జోలికి రామని ఒప్పుకోవాలి. రాస్తుండగా కళ్లారా చూసిన సాక్షులుండాలి. కోడ్ పక్కన నిలబడి దిగిన ఫోటో ఉండాలి. కోడ్ మీద గత ముప్పై ఏళ్లలో ఎలాంటి తాకట్టూ లేదని ధ్రువపత్రం ఉండాలి (వాపసు రాసిన కంప్యూటర్ భాషకు ఇంకా అంత వయసు లేదు, ఆ సంగతి దస్తావేజు పట్టించుకోలేదు). అన్నిటికంటే ముఖ్యంగా నాలుగు హద్దులుండాలి.

ఎస్తేర్ ఓపికగల మనిషి. నాలుగు రకాల వంటవాళ్లతో, వాళ్ల మీద అలిగే పెళ్లిపెద్దలతో వేగుతుంది కాబట్టి లింగమూర్తి ఆమెకు కొత్త కాదు. హద్దులు పంపించింది. తూర్పు, రుచిత గారి గంజుల లెక్క. పడమర, తేదీ రాసే జాగ. ఉత్తరం, కుర్చీల పట్టీ. దక్షిణం ఏమీ లేదు, ఫైలు అక్కడితో అయిపోయింది. కర్ణాకర్ ఆ కాయితాన్ని చూసి, బాట లేని ఆస్తిని రేపు ఎవరూ ముట్టుకోరని హెచ్చరించాడు. దాంతో వాపసులో ప్రతి ఫైలు చివరా బాటగా ఒక ఖాళీ వరుస వదలాలని సంస్థ తీర్మానించింది. ఆ ఖాళీ వరుసలు లింగమూర్తి స్వయంగా, చూపుడువేలితో చేర్చాడు. తన చేర్పుకు తానే దస్తావేజు రాయించుకుని, సాక్షుల్ని పెట్టి, ఫోటో దిగి, అందరికీ ఆదర్శంగా గోడకు తగిలించాడు. ఫైలు చివర ఖాళీ వరుస వదలడం నిజానికి మంచి అలవాటేనని రుచిత ఫోనులో ఒప్పుకుంది. సంస్థ చరిత్రలో పనికొచ్చిన తీర్మానం అదొక్కటే, అదీ పొరపాటున.

ఎస్తేర్ దస్తావేజు చివరికి వారసుల తరఫున ఇంటిపెద్ద పెట్టాల్సిన వేలిముద్ర దగ్గర ఆగింది. ఇంట్లో పెద్దది ఆమె అత్త రాజం. ఇదివరకు ఒకసారి ఎవరో చెప్పిన చోట వేలు పెట్టి చెలక భూమి పోగొట్టుకున్న మనిషి. మూతల కోసం కాదు కదా, యేసు ప్రభువు వచ్చి చెప్పినా కాయితం మీద వేలు పెట్టేది లేదని చెప్పింది. ఫైలు పెండింగులో పడింది.

ఈలోగా మొదటి పని, ఆ ఒక పేజీ, పుస్తకమైంది. వినాయక ప్రార్థన, సంస్థ ఆవిర్భావం, అధ్యక్షుడి ఫోటో, అధ్యక్షుడి సందేశం, ఈ పుస్తకాన్ని ఎట్లా చదవాలి, ఈ పుస్తకంలో తప్పులు కనిపెట్టేవారికి ఉండాల్సిన అర్హతలు, కనిపెట్టిన తప్పుకు నాలుగు హద్దులు రాసే విధానం. లింగమూర్తి రోజూ అన్నం ముందు కూర్చుని భార్య యాదలక్ష్మికి ఒక అధ్యాయం చదివి వినిపించేవాడు. గోదాములో సామాను ఎక్కించేది, దించుకునేది, ఫోనులో వాపసు నొక్కేది ఆమే. ఆమె అంతా విని, కూర వడ్డిస్తూ అడిగింది.

"గంజు పోయిందని ఎక్కియ్యాలంటె యాడ ఒత్తాలె? అది యాడ రాసినవ్?"

అది రెండో సంపుటంలో వస్తుందని లింగమూర్తి చెప్పాడు.

"మంచిగున్నది. మొదటి దాంట్ల నీ ఫోటో, రెండో దాంట్ల నా పని."

ముహూర్తం దగ్గర పడుతోంది. గోదాములో మూతలు తగ్గిపోయాయని యాదలక్ష్మి చెబుతూనే ఉంది. లింగమూర్తి ప్రతిసారీ వాపసు తెరిచి చూపించేవాడు. గంజులన్నీ ఉన్నాయి కాబట్టి, వాపసు లెక్క ప్రకారం మూతలు కూడా అన్నీ ఉన్నాయి.

"ఫోన్ల ఉన్నయి. అన్నం మీద ఫోన్ బోర్లిద్దామా?" అని ఆమె అడిగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. టెంట్ హౌస్ యజమాని బిడ్డ పెళ్లి మామూలు పెళ్లి కాదు. ఆ పెళ్లికి వచ్చే తోటి వ్యాపారులు పెళ్లికొడుకును తర్వాత చూస్తారు, ముందు గంజుల్ని చూస్తారు. సొట్టలు లెక్కపెడతారు. అంచు మీద ఎవరి పేరు చెక్కి ఉందో వేలితో తడిమి చదువుతారు. తన ఇంటి పెళ్లికి పక్కవాడి సామాను తెచ్చుకున్నాడన్న మాట ఒకసారి బయటికి పోతే, దాన్ని కిరాయి పెట్టి కూడా వెనక్కి తెచ్చుకోలేం. లింగమూర్తికి ఇది పుట్టుకతో తెలుసు. అందుకే ఒక దశలో ఆయన కూడా మెత్తబడి, ఎస్తేర్ దిద్దుబాటును చూసీచూడనట్టు కలిపేద్దామనుకున్నాడు. కానీ దస్తావేజు నంబరు లేకుండా ఎవరినీ లోపలికి రానివ్వకుండా వాకిట్లోని కాపలా ప్రోగ్రామును అప్పటికే ఆయనే ఇంటర్నెట్ సెంటరు కుర్రాడి చేత మార్పించాడు. అధ్యక్షుడికి కూడా మినహాయింపు లేదన్న నియమం కూడా ఆయనదే. ఆ రోజు ఆ నియమం రాసి ఎంత మురిసిపోయాడంటే, దాని కింద గీత కూడా గీశాడు.

రుచితకు ఫోన్ చేశాడు. ఆమె ఆఫీసులో కూర్చుని తన చేత్తో కలపబోయింది. కాపలా ఆమెను కూడా ఆపి, మీ దస్తావేజు నంబరు ఏమిటని అడిగింది.

"బాపు, గది నేను రాసిన యాపు," అంది రుచిత.

"రాసినవ్ బిడ్డా. కాయిదం ఏది?"

ఈ ప్రశ్న తన నోటినుంచి వచ్చినందుకు లింగమూర్తికి కూడా కొంచెం ఆశ్చర్యం వేసింది. కానీ ప్రశ్నలో తప్పేమీ కనబడలేదు. కర్ణాకర్‌ను అడిగితే ఆయన రికార్డులు చూసి, వాపసు మొదలైనప్పటి నుంచి రుచిత ఒక్క దస్తావేజు కూడా రాయలేదని, కాబట్టి న్యాయంగా చూస్తే ఆమె తన కోడ్‌లో తానే కబ్జాదారని తేల్చాడు. పైగా పెళ్లి తర్వాత ఆమె ఇంటిపేరు మారుతుంది, వారసులు మారతారు. కాబట్టి ఇప్పుడే అత్తవారి నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చుకోవడం మంచిదన్నాడు. లింగమూర్తి ఆ పత్రాన్ని కాబోయే వియ్యంకుడు రాజేంద్రప్రసాద్‌కు పంపించాడు, నాలుగు హద్దులతో సహా.

పెళ్లికి ముందు ఆడపిల్లవారి ఇంటి నుంచి హద్దులు రాసిన కాయితం వస్తే ఏ వియ్యంకుడైనా ఏమనుకుంటాడు? రాజేంద్రప్రసాద్ మర్నాడు పొద్దున్నే బస్సు దిగాడు. ఆయన సౌమ్యుడు. కోడలి పేరు మీద ఏదో జాగ ఉందని ఇన్నాళ్లూ చెప్పలేదేమని అడగడానికి మొహమాటపడి, రెండు చాయ్‌లు తాగిన తర్వాత, ఒకసారి చూసివద్దామా బావా అన్నాడు. లింగమూర్తి ఫోను తీసి చూపించాడు. రాజేంద్రప్రసాద్ అద్దాలు పెట్టుకుని తూర్పున గంజుల లెక్క, పడమర తేదీ, ఉత్తరం కుర్చీలు, దక్షిణం బాట చూశాడు. బాట మీద చాలాసేపు వేలు ఆనించి నిలిపాడు.

"బాట మంచిగనే ఉన్నది బావా," అన్నాడు చివరికి. "జాగనే కనవడతలేదు."

అయినా సంతకం పెట్టి పోయాడు. సంతకం పైన తన చేత్తో ఒక వాక్యం రాశాడు: 'మాకు అర్థం కాలేదు, అయినను అభ్యంతరం లేదు.' షరతులతో కూడిన సమ్మతి చెల్లదని కర్ణాకర్ దాన్ని తిప్పి పంపించాడు. రుచిత ఫైలు కూడా పెండింగులో పడింది.

మొదటి ముహూర్తం వచ్చింది. ఫంక్షన్ హాలు వెనక వ్యాను నుంచి గంజులు దిగాయి. తళతళలాడుతున్నాయి, అంచు మీద లింగమూర్తి పేరు నిండుగా ఉంది. మూతలు లేవు. ఫోనులో అన్నీ ఉన్నాయి. అన్నం దించే వేళకు వంటవాళ్లు చేతికందినవి తెచ్చి కప్పారు. పప్పు మీద విస్తర్లు, సాంబారు మీద చాట, అన్నం మీద పోయిన ఎన్నికల ఫ్లెక్సీ. చేతులు జోడించిన నాయకుడి ముఖం మీద ఆవిరి పట్టి, జీవితంలో మొదటిసారి ఆయనకు చెమట పట్టినట్టు కనబడింది. తోటి వ్యాపారులు ఒక్కొక్కరే వంటల వైపు నడుస్తున్నారు. లింగమూర్తి కన్యాదానానికి పీటల మీద కూర్చున్నాడు. లేచి పోలేడు. మంత్రాలు ఎటుపోతున్నాయో తెలియదు, చూపంతా వెనక తలుపు మీదనే ఉంది.

సరిగ్గా అప్పుడు హుస్నాబాద్ నుంచి ఆటో ట్రాలీ వచ్చి ఆగింది. దాని నిండా మూతలు. ప్రాధికార సంస్థ అనుమతి లేకుండా యాదలక్ష్మి అంతకుముందు రోజే ఎస్తేర్‌కు ఫోన్ చేసి, చెల్లె, పరువు పోయేటట్టున్నది అని ఒక్క మాట అంది. ఎస్తేర్ దస్తావేజు అడగలేదు.

తోటి వ్యాపారులు వచ్చి చూసేసరికి ప్రతి గంజు మీదా మూత ఉంది. ప్రతి మూత మీదా, దూరం నుంచి కూడా చదవగలిగేటంత లోతుగా, 'ఎస్తేర్, హుస్నాబాద్' అని చెక్కి ఉంది. వాళ్లు చదివారు. ఎవరూ ఏమీ అనలేదు. పక్కకు పోయి తాంబూలం వేసుకుంటూ మాత్రం అన్నారు.

అప్పగింతలకు ముందు లింగమూర్తికి ఎస్తేర్ ఎదురుపడింది. ఆయన కృతజ్ఞతలు చెప్పబోయి, వ్యాపారి గనక, ముందు లెక్క అడిగాడు.

"నీ మూతలన్ని ఎట్ల ఉన్నయమ్మా?"

"నేను దిద్దింది నేను వాడుకుంటున్న అన్నా. నువ్వు కలపకపోతివి, నేనే వేరే కాపీ చేసుకొని దాంట్ల కలుపుకున్న. తాళం ఎయ్యలేదు గదా."

"మరి మిగిలినోళ్లు?"

"తొగుటోళ్లు, కొమురవెల్లోళ్లు అందరు గదే వాడుతున్నరు. మీ రుచిత గూడ నిన్ననే ఒక తప్పు దిద్ది పంపింది. కలిపిన."

లోపల బ్యాండు వాయిస్తున్నారు. లింగమూర్తి గొంతు తగ్గించి, అది తనకు కావాలంటే ఏం చెయ్యాలని అడిగాడు. తీసుకొమ్మంది ఎస్తేర్.

"సంతకం యాడ పెట్టాలె?"

ఎస్తేర్ ఆయన ముఖంలోకి చూసి, పెళ్లి ఇల్లు గనక నవ్వలేదు. "మూతలు మర్వకుండ వాపస్ పంపు అన్నా. సాలు."

పంపాడు. ఆ రాత్రి నుంచే గోదాములో యాదలక్ష్మి ఎస్తేర్ కాపీని వాడుతోంది. అది ఎట్లా వాడాలో అందులో ఒక పేజీ ఉంది.

వాపసు ఫైలును మాత్రం కర్ణాకర్ వదల్లేదు. పత్రాలు లేనివారి భాగాన్ని తీసేస్తే తప్ప ఆస్తికి భద్రత లేదని సలహా ఇచ్చాడు. నియమం ప్రకారం రుచిత రాసిందంతా తీసేశారు. దస్తావేజు సక్రమంగా ఉన్నది లింగమూర్తి ఒక్కడిదే కాబట్టి, ఆయన చేర్చినవి మాత్రం మిగిలాయి. ఇప్పుడు వాపసులో పుస్తకం మొదటి సంపుటం ఉంది, నాలుగు హద్దులున్నాయి, దక్షిణాన బాట ఉంది. మధ్యలో ఏమీ లేదు. సిద్దిపేట మొత్తం మీద ఇంత తగాదా లేని ఆస్తి తాను చూడలేదని కర్ణాకర్ ముద్ర వేసి రాసిచ్చాడు.